వాల్తేరులో ఒక పెట్టె దించుకునే చోటు

1936. నువ్వు బుచ్చయ్యపేట ఆడపిల్లవి. పదిహేడేళ్లు. చిన్నాన్న వాళ్లింట్లో ఉండి విశాఖపట్నంలో ఇంటర్ గట్టెక్కావు. ఇంతలో చిన్నాన్నకి బదిలీ అయింది. ఆనర్సు చదవాలంటే వాల్తేరు యూనివర్సిటీకి వెళ్లాలి. అక్కడ ఆడపిల్లలకు హాస్టలు లేదు. మామ్మ తేల్చేసింది: "ఆడగుంటని ఎవులింట్లో ఒగ్గేస్తాం? సదివింది సాల్లే."

నాన్న చదివి అరుగు మీద పడేసిన పేపరు తీస్తావు. లోపలి పేజీలో చిన్న ప్రకటన. యూనివర్సిటీలో చేరాలని ఉండీ వసతి లేక ఆగిపోయిన ఆడపిల్లలను రాయమంటోంది. పేరు చదువుతావు: దుర్గాబాయి. నాన్న తలెత్తాడు. "ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లినావిడ కదూ?"

ఆవిడే. నాన్న కాదనలేకపోయాడు.

అనకాపల్లి దాకా ఎడ్లబండి, అక్కణ్ణించి రైలు. అమ్మ చీరల మధ్య పెట్టిన బెల్లం ముక్క చెమ్మకి పాకమై, నీ కొత్త చీర అంచుకు అంటుకుంది. వాల్తేరులో పెట్టె తెరిచాక గానీ చూసుకోలేదు. నీలాగే వచ్చినవాళ్లు పదిమంది దాకా ఉన్నారు. అందరూ ఆ చీర చూసి నవ్వారు, బెల్లం మాత్రం మిగల్చలేదు.

ఆవిడ ఖద్దరు చీరలో ఉంది. ఇరవయ్యేడేళ్ల విద్యార్థిని! ఎనిమిదేళ్లకు చేసిన పెళ్లిని కాదనుకుని బయటికొచ్చిన మనిషి. మదురై జైల్లో, ఉరిశిక్ష పడ్డ ఖైదీల పక్క గదిలో ఒంటరిగా గడిపింది. ఆ తర్వాతే కాశీ వెళ్లి పరీక్షలు ప్యాసైంది. ఆడవాళ్లకు రాజనీతి శాస్త్రం ఎందుకన్నారక్కడ. వాల్తేరు వస్తే వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు హాస్టలు లేదన్నారు. ఇంకొకరైతే అర్జీ మీద అర్జీ పెట్టుకుంటూ ఏడాది గడిపేవారు. ఆవిడ పేపరుకెక్కింది. ఒక్కతె వచ్చి అడిగితే వసతి లేదని పంపేయొచ్చు; పదిమంది పెట్టె బేడా సర్దుకుని దిగాక, చోటు కూడా వాళ్లే చూసుకున్నాక, ఇంకేం సాకు చెబుతారు? రాజకీయం ఆవిడకు ఒకరు నేర్పాల్సింది కాదేమో అనిపిస్తుంది.

తర్వాతి సంగతులు నీకు పేపర్లలోనే తెలుస్తాయి. మద్రాసులో ఆంధ్ర మహిళా సభ, లా పట్టా, 'ఆంధ్ర మహిళ' పత్రిక సంపాదకత్వం, 1946లో రాజ్యాంగ సభ. 1949 మేలో ఆ సభలో ఆవిడ ఒక సవరణ పెట్టింది: ఎగువ సభకు పోటీ చేసేవాళ్ల కనీస వయసు 35 కాదు, 30 చాలని. సభ ఒప్పుకుంది. ఆ ఏడు నీకు సరిగ్గా ముప్పయ్యేళ్లు.