మూసీ వరద, మన గల్లీ మోరీ



పొద్దున లేస్తూనే నల్లా తిప్పి బిందె పెడతాం. అంట్లు కడిగిన నీళ్లు మోరీలో పోస్తాం. ఈ ఏర్పాటంతా ఎవరు చేశారో ఎన్నడైనా అనుకున్నామా? కిందటి వానాకాలం నాచారంలో మా గల్లీ మోరీ పొంగి, మురుగు గడప దాకా వచ్చేవరకూ నేనూ అనుకోలేదు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచేసింది. వేల ఇళ్లు కూలాయి. పదిహేను వేలమంది దాకా పోయారని అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టెక్కి నూటయాభైమంది బతికారని చెప్పుకుంటారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రిలో ఇప్పటికీ ఉంది. అప్పుడు బాధితులకు సాయం చేసినవాళ్లలో మన సరోజినీ నాయుడు గారూ ఒకరు.

మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. నీళ్లు ఊళ్లోకి రాకముందే ఎగువన ఆపాలన్నారాయన. అలా మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదకు అడ్డుకట్టా పడింది, తాగడానికి నీళ్లూ దొరికాయి. భూమిలోపల మురుగుకాలువలు ఉండాలన్న సలహా కూడా ఆయనదే. 1912లో నగరాభివృద్ధి మండలి పెట్టి ఇరుకు బస్తీలు తీసేశారు, రోడ్లు వెడల్పు చేశారు.

పరిపాలనా మారింది. 1919లో సర్ అలీ ఇమాం అధ్యక్షుడుగా కార్యనిర్వాహక మండలి వచ్చింది. 1921లో న్యాయశాఖను వేరుచేశారు. అంటే పన్ను వసూలు చేసే చెయ్యి వేరు, తీర్పు రాసే చెయ్యి వేరు అన్నమాట. మంచిదే కదా! కానీ ఇవన్నీ నిజాం ఫర్మానాతో వచ్చినవి. జనాన్ని అడిగిందెవరు? పట్నానికి నల్లాలొచ్చినా పల్లెల్లో వెట్టి పోలేదు. జాగీర్లు రద్దయింది 1949లోనే.

సరిగ్గా ఆ కాలంలోనే అమెరికాలోనూ ఇలాంటి కథే జరిగింది. 1900 సెప్టెంబరులో గాల్వెస్టన్ అనే రేవుపట్నాన్ని తుపాను ముంచింది. ఆరువేలమందికి తక్కువ కాకుండా పోయారు. ఊరిని తిరిగి నిలబెట్టడానికి పాత మునిసిపాలిటీని తీసేసి, 1901లో ఐదుగురు కమిషనర్ల చేతిలో పెట్టారు. ఒకరికి నీళ్లు, ఒకరికి లెక్కలు, ఇలా ఎవరి శాఖకు వాళ్లు జవాబుదారీ. సముద్రానికి గోడ కట్టారు. వందల ఊళ్లు ఆ పద్ధతి పట్టాయి. అయితే వాడకొక సభ్యుడు పోయి ఊరంతటికీ కలిపి ఎన్నిక పెట్టేసరికి, పేదల మాట, నల్లజాతివాళ్ల మాట వినేవాళ్లు కరువయ్యారు. పని చురుకైంది గానీ గొంతులు తగ్గాయి.

ఆ దేశంలోనే జేన్ ఆడమ్స్ అనే ఆవిడ ఉండేది. షికాగోలో తమ వాడలో చెత్త ఎత్తడంలేదని పోరి, 1895లో తానే చెత్త ఇన్‌స్పెక్టరై, తెల్లవారకముందే బండ్ల వెంట తిరిగింది. దేశమంతటా ఆడవాళ్లకు ఓటొచ్చింది 1920లో. ఓటుకోసం ఆగి కూచుంటే ఆ చెత్త పాతికేళ్లు అక్కడే ఉండేది!

ఇక మన సంగతి. ఆనకట్టలు ఎగువన, మనం దిగువన. ఊరంతా కడిగిన నీళ్లు చివరికి మన పక్కనుంచే పోతాయి. ఉప్పల్ నుంచి నాగోలు పోతూ వంతెన మీద ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోనివాళ్లు ఉన్నారా?

మా మోరీ పొంగిన రోజు మగవాళ్లు "వాళ్లే వస్తార్లే" అన్నారు. నాలుగు రోజులు చూశాం. అయిదోరోజు పక్కింటి అత్తమ్మ వేలిముద్రతో మొదలుపెట్టి ఇరవైరెండుమందిమి అర్జీ పట్టుకెళ్లాం. "మీ ఇళ్లలో మగవాళ్లు లేరా?" అన్నాడు గుమాస్తా. "ఉన్నారు బాబూ, మోరీ ఎత్తిపోసేది మాత్రం మేమే" అంది అత్తమ్మ. వారంలో మనుషులొచ్చి బాగుచేశారు.

ఫర్మానా కోసం కాచుకునే రోజులు పోయాయి. ఈసారి మీ గల్లీలో మోరీ పొంగితే, కాగితం తీసి మొదటి సంతకం మీరే పెట్టండి. సెలవు.