సరుకు చరిత్ర - లేబుల్ భాష

సరుకుకు పేరు ఎవరు పెడతారు, ఎవరి ప్రయోజనం కోసం పెడతారు అన్నది భాషాశాస్త్రానికి మాత్రమే చెందిన ప్రశ్న కాదు. జన్యుమార్పిడి ఆహారాన్ని బజారులో గుర్తుపట్టడమెలా అన్న చర్చ మూడు దశాబ్దాలుగా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నది.

పుచ్చు వంకాయను కన్ను పట్టేస్తుంది. ముక్కిన బియ్యాన్ని ముక్కు పసిగడుతుంది. కానీ విత్తనంలో వేరొక జీవి జన్యువును చేర్చి పండించిన పంటను ఏ ఇంద్రియమూ పట్టలేదు. కొనే మనిషికి మిగిలిన ఆధారం డబ్బా మీద అచ్చువేసిన మాట ఒక్కటే. ఆ మాట కోసం జరిగిన పెనుగులాటే ఈ చరిత్ర.

ఇలాంటి ఆహారానికి ప్రత్యేక లేబుల్ అక్కరలేదని 1992లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ తేల్చింది. 1994లో 'ఫ్లేవర్ సేవర్' టమాటా అక్కడి బజారుకు వచ్చింది. 1996లో బ్రిటన్‌లో జన్యుమార్పిడి టమాటా గుజ్జు డబ్బాలు ఆ సంగతి పైన రాసుకునే వచ్చాయి, చవకగా అమ్ముడుపోయాయి. చెబితే జనం కొనరు అనే వాదానికి అవే తొలి జవాబు.

ఐరోపా తొలి నియమాల ప్రకారం సరుకులో మారిన డి.ఎన్.ఏ. గానీ ప్రోటీను గానీ దొరికితేనే లేబుల్. బాగా శుద్ధిచేసిన నూనెలో ఆ జాడ నిలవదు కనుక నూనె తప్పించుకుంది. 2003 నాటి చట్టాలు ప్రశ్ననే మార్చాయి. 'నీలో ఏముంది?' అని కాక 'నువ్వెక్కడ పుట్టావు?' అని అడిగాయి. జాడ దొరకకపోయినా మూలం చెప్పితీరాలి. పొరపాటున కలిసినది 0.9 శాతం లోపైతేనే మినహాయింపు. నా దృష్టిలో ఇదే కీలకమైన మలుపు. సరుకును దాని చరిత్రతో సహా చూడడం ఇక్కడ మొదలైంది.

అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం చేసిన లేబుల్ చట్టం 2016 జూలైలో అమల్లోకి వచ్చింది. ఆ నెలలోనే జాతీయ చట్టం వచ్చి దాన్ని తోసిపుచ్చింది. 2022లో తప్పనిసరి అయిన జాతీయ నియమాలు జనం నోట నానిన 'జీఎంవో'ను వదిలి 'బయో ఇంజనీర్డ్' అన్న మాటను ఎంచుకున్నాయి. మాటకు బదులు క్యూఆర్ కోడ్ అయినా చాలునన్నాయి. చదువుకున్నవాడు కూడా కంటితో చదవలేని రాత అది! మరోవైపు, జన్యువులే లేని ఉప్పు ప్యాకెట్ల మీద 'జన్యుమార్పిడి లేనిది' అన్న ముద్ర వెలసింది.

మన దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి లభించింది. బీటీ వంకాయను 2010 ఫిబ్రవరిలో ప్రభుత్వం నిలిపివేసింది. అంతకుముందు జరిగిన బహిరంగ చర్చల్లో హైదరాబాదు చర్చ ఒకటి. వంకాయ గురించి మాట్లాడిన మనం పత్తిని బట్టగానే చూశాం. పత్తి సాగులో 90 శాతానికి పైగా బీటీ రకాలే అయినప్పుడు, పత్తిగింజల నూనె రూపంలో ఆ పంట మన మూకుడులోకీ వచ్చినట్టే. 2013 జనవరి 1 నుంచి ప్యాకెట్ ముందువైపు పైభాగాన 'జీఎం' అని రాయాలన్న నియమం వచ్చింది. నేను తిప్పి చూసిన పత్తిగింజల నూనె ప్యాకెట్ల మీద ఆ రెండక్షరాలు కనిపించలేదు. కూలి డబ్బులతో కొలత మీద కొనుక్కునే విడి నూనెకు లేబులే లేదు.

కనుక మనం అనుమానంగా చూడవలసింది వంకాయను కాదు. నూనె ఏ గింజది, మిశ్రమమైతే ఏయే గింజలు కలిశాయి అన్నది చదవాలి. ఈ ఆహారం మంచిదా కాదా అన్నది శాస్త్రజ్ఞులు పరీక్షించి తేల్చవలసిన విషయం. చెప్పాలా వద్దా అన్నది మాత్రం ప్రజాస్వామ్య సమస్య. లేబుల్ కూడా ఒక రచనే. రాసినదాన్నే కాక రాయకుండా వదిలినదాన్ని కూడా పట్టుకునే విమర్శ దానికీ అవసరం.