పూచీ పడ్డ బూట్ల వర్తకుడు



తప్పు చేసినవాణ్ణి జైలుకి పంపకుండా, జనం మధ్యనే ఉంచి, ఒకరు కనిపెట్టి చూస్తూ దారిలో పెట్టే పద్ధతిని ప్రొబేషన్ అంటారు. "అలా వదిలేస్తే మళ్ళీ చెయ్యడూ?" అని మీరంటారు. నేనూ అలాగే అనుకున్నాను, జాన్ అగస్టస్ కథ తెలిసేదాకా.

ఆయన అమెరికాలోని బోస్టన్‌లో బూట్లు కుట్టే వర్తకుడు. వకీలూ కాదు, పోలీసూ కాదు. 1841 ఆగస్టులో ఒకనాడు ఆయన కోర్టులో ఉండగా, చింకిబట్టలతో ఉన్న ఒక తాగుబోతుని తీసుకొచ్చారు. జైలు తప్పిస్తే ఇక చుక్క ముట్టనన్నాడతను. అగస్టస్ జామీను ఉండి, తాగనని ప్రమాణపత్రం మీద సంతకం పెట్టించాడు. మూడు వారాలకు కోర్టుకి తీసుకొస్తే, ఆ మనిషే ఈ మనిషంటే నమ్మలేకపోయారట! జడ్జిగారు ఒక్క సెంటు జరిమానా వేసి, కోర్టు ఖర్చులు కట్టించుకుని పంపేశారు.

తరవాత ఆడవాళ్ళకీ పిల్లలకీ కూడా పూచీ పడ్డాడు. 1843లో దొంగతనం కేసులో దొరికినవాళ్ళలో ఎనిమిదేళ్ళదొకతె, పదేళ్ళదొకతె, పదకొండేళ్ళ కుర్రాడొకడు! పని చూపించేవాడు, బడిలో వేసేవాడు, కొందరిని తన ఇంటికే తెచ్చుకునేవాడు. వాళ్ళకి ఎవరు వండిపెట్టి ఉంటారో మీకు నేను చెప్పాలా? ఖైదీకింత అని రుసుము వచ్చే ఉద్యోగులకు మాత్రం ఆయనంటే గిట్టేది కాదు.

1858 నాటికి 1,946 మందిని విడిపించాడు. మొదటి 1,100 మందిలో జామీను ఎగ్గొట్టింది ఒక్కరేనట. అయితే వాయిదాకి రావడం వేరు, మళ్ళీ తప్పు చెయ్యకపోవడం వేరు. పైగా ఆయన ఎవరికి పడితే వారికి పూచీ పడలేదు. వయసూ, నడతా, సావాసాలూ విచారించి, ముఖ్యంగా మొదటిసారి తప్పు చేసినవాళ్ళనే ఎంచుకునేవాడు. అందుకని ఆ లెక్క చూపించి అందర్నీ వదిలెయ్యమంటే నేనొప్పుకోను. ఆ ఎంపికలోనూ, తరవాత వెంట ఉండి చూసుకోవడంలోనే ఉంది కిటుకంతా.

1859లో ఆయన పోయాడు. 1878లో ఆ రాష్ట్రం చట్టం చేసి, జీతం ఇచ్చి ప్రొబేషన్ అధికారిని పెట్టింది. మనకి 1958లో చట్టం వచ్చింది. యావజ్జీవ శిక్ష పడే నేరం కానప్పుడు, ఇరవై ఒక్క ఏళ్ళు నిండనివాణ్ణి జైలుకి పంపాలంటే జడ్జి కారణం రాయాలి. 2024 జులై 1 నుంచి, తాగి నలుగురిలో అల్లరి చేసినవాడికి జైలుకి బదులు సమాజసేవ వెయ్యవచ్చు. బోస్టన్ తాగుబోతు కేసులాంటిదే! కాకపోతే, ఆ సేవ చేసినన్నాళ్ళూ అతని వెంట ఎవరుండాలో ఆ చట్టం చెప్పలేదు.