పెరిగిన కారు, చాలని షెడ్డు

కొత్తగా కొన్న కారు ఇంటి షెడ్డులో పట్టకపోవడం, పట్టినా తలుపు తెరుచుకోకపోవడం నగరాలకే పరిమితమైన ఇబ్బంది కాదు. చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్ తాలూకాలో, బల్లార్‌పూర్ నుండి గోండ్‌పిపరికి పోయే రహదారి మీద ఉన్న కోఠారి వంటి ఊళ్ళకు సైతం ఇది వర్తిస్తుంది. ఇటువంటి ఊళ్ళలో పాత ఇల్లు తీసి కొత్త ఇల్లు కట్టుకునేవారు గేటు ఎంత వెడల్పు పెట్టాలో, పోర్టికో ఎంత పొడవు విడవాలో సాధారణంగా మేస్త్రీ చెప్పిన లెక్క ప్రకారమే నిర్ణయిస్తారు. ఆ లెక్క చాలాచోట్ల మారుతి 800 నాటిది. కారు మాత్రం ఆనాటిది కాదు.

కొలతలలో వచ్చిన మార్పు

మన దేశంలో వాడుకలో ఉన్న కొన్ని కార్ల పొడవు, వెడల్పులు సుమారుగా ఈ విధంగా ఉన్నాయి. వెడల్పులో పక్క అద్దాలు కలపలేదు.

– అంబాసిడర్ (1958–2014): పొడవు 4.32 మీటర్లు, వెడల్పు 1.66 మీటర్లు
– మారుతి 800 (1983–2014): 3.34 మీ., 1.44 మీ.
– స్విఫ్ట్, 2005 నమూనా: 3.70 మీ., 1.69 మీ.
– స్విఫ్ట్, 2024 నమూనా: 3.86 మీ., 1.74 మీ.
– ఇన్నోవా, 2005 నమూనా: 4.56 మీ., 1.77 మీ.
– ఇన్నోవా హైక్రాస్ (2022): 4.76 మీ., 1.85 మీ.
– టాటా నెక్సాన్ (2017): 3.99 మీ., 1.81 మీ.
– హ్యుందాయ్ క్రెటా, 2024 నమూనా: 4.33 మీ., 1.79 మీ.
– మహీంద్రా స్కార్పియో ఎన్ (2022): 4.66 మీ., 1.92 మీ.

ఈ పట్టికలో గమనించదగిన విషయం ఒకటి ఉన్నది. అంబాసిడర్, నేటి క్రెటా దాదాపు ఒకే పొడవు గల బండ్లు. తాతగారి అంబాసిడర్ కోసం కట్టిన షెడ్డులో మనుమని క్రెటా పొడవుకు ఇబ్బంది ఉండదు. కాని క్రెటా 13 సెంటీమీటర్లు, అనగా సుమారు 5 అంగుళాలు ఎక్కువ వెడల్పు. నెక్సాన్ పొడవులో అంబాసిడర్ కంటే అడుగు తక్కువ, వెడల్పులో అర అడుగు ఎక్కువ. కనుక కార్లు పెరిగాయని చెప్పినప్పుడు ముఖ్యంగా చూడవలసినది వెడల్పునే.

నాలుగు మీటర్ల నియమం

పొడవు ఒక హద్దులో నిలిచి వెడల్పు పెరగడం వెనుక పన్ను విధానం ఉన్నది. 2006 కేంద్ర బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి పి. చిదంబరం చిన్న కార్లపై ఎక్సైజు సుంకాన్ని 24 శాతం నుండి 16 శాతానికి తగ్గించారు. పొడవు 4 మీటర్లు మించకపోవడం, ఇంజిను పెట్రోలుదైతే 1200 సీసీ, డీజిలుదైతే 1500 సీసీ మించకపోవడం చిన్న కారు లక్షణాలుగా నిర్ణయించారు. వెడల్పు ప్రస్తావన అందులో లేదు.

కంపెనీలు ఈ నిబంధనకు తగినట్లు బండ్లను మలచుకున్నాయి. 2008లో వచ్చిన స్విఫ్ట్ డిజైర్ పొడవు 4.16 మీటర్లు. 2012 నమూనాలో డిక్కీని కుదించి దానిని 3.995 మీటర్లకు తెచ్చారు. 2017 నమూనా కూడా అదే పొడవులో ఉన్నది, కాని వెడల్పు 1.735 మీటర్లకు చేరినది. 2025 సెప్టెంబరు 22 నుండి అమలులోకి వచ్చిన జీఎస్టీ రేట్లలో చిన్న పెట్రోలు, డీజిలు కార్లకు 18 శాతం, వాటికంటే పెద్దవాటికి 40 శాతం పన్ను ఉన్నది. చిన్న కారును గుర్తించే కొలత నేటికీ పొడవే. ఆ హద్దులో ఉంటూ లోపల విశాలంగా కనిపించవలసిన బండికి పక్కలకు, పైకి పెరగడమే మార్గం.

జపాను ఈ విషయంలో వేరుగా ఆలోచించినది. అక్కడ ‘కే’ అనే చిన్న కార్ల తరగతికి చట్టం పొడవుతో పాటు వెడల్పును కూడా నిర్ణయిస్తుంది. 1998 నుండి ఆ హద్దు పొడవుకు 3.4 మీటర్లు, వెడల్పుకు 1.48 మీటర్లు. మన మారుతి 800 ఆ వంశం నుండి వచ్చిన కారే. వ్యాగన్ ఆర్ ఉదాహరణ మరింత స్పష్టమైనది. జపానులో అమ్మే వ్యాగన్ ఆర్ నేటికీ 1.475 మీటర్ల వెడల్పు దాటలేదు. అదే పేరుతో 2019లో మన దేశంలో వచ్చిన నమూనా వెడల్పు 1.62 మీటర్లు.

పెరుగుదలకు ఇతర కారణాలు

కారు పెరగడాన్ని కేవలం ఆడంబరంగా చూడడం సరికాదు. ముందు నుండి, పక్క నుండి ఢీకొన్నప్పుడు లోపలివారిని కాపాడే పరీక్షలు 2017 అక్టోబరు నుండి కొత్త నమూనాలకు, 2019 అక్టోబరు నుండి అన్ని కార్లకు తప్పనిసరి అయ్యాయి. పక్క దెబ్బను ఓర్చుకోవాలంటే తలుపులు దళసరిగా, వాటిలో ఉక్కు కమ్మీలు బలంగా ఉండాలి. ఎయిర్‌బ్యాగులకు, వెనుక సీటులో ముగ్గురు కూర్చోవడానికి చోటు కావాలి. గుంతల రోడ్లకు పెద్ద చక్రాలు, నేల నుండి ఎత్తు కావాలి. విద్యుత్ కార్లలో బ్యాటరీ అడుగు భాగమంతా పరచుకుని ఉంటుంది.

కొనుగోలుదారుల అభిరుచి కూడా మారినది. 2023–24 ఆర్థిక సంవత్సరంలో దేశంలో అమ్ముడైన సుమారు 42 లక్షల ప్రయాణికుల వాహనాలలో 25 లక్షలకు పైగా యుటిలిటీ వాహనాలే. యూరపులోనూ ఇదే ధోరణి. అక్కడ అమ్ముడైన కొత్త కార్ల సగటు వెడల్పు 2018లో 177.8 సెంటీమీటర్లు కాగా, 2023 మొదటి ఆరు నెలలకు 180.3 సెంటీమీటర్లకు చేరినది. ప్యారిస్ నగరం 2024 ఫిబ్రవరి 4న ప్రజల ఓటు తీసుకుని, బరువైన కార్లకు పార్కింగు రుసుమును మూడింతలు చేసినది. ఆ ఏడాది అక్టోబరు నుండి అది అమలులోకి వచ్చినది.

నియమాలు చెప్పే స్థలం

ముంబయి వంటి కొన్ని ప్రాంతాలు మినహా మహారాష్ట్ర అంతటికీ వర్తించేలా 2020 డిసెంబరులో వచ్చిన ఏకీకృత అభివృద్ధి నియంత్రణ నియమావళి ప్రకారం ఒక కారుకు చూపవలసిన స్థలం 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు. అడుగులలో చెప్పాలంటే సుమారు 8 అడుగుల 2 అంగుళాలు, 16 అడుగుల 5 అంగుళాలు. జాతీయ భవన నిర్మాణ స్మృతి ఆరుబయట స్థలానికి, గోడల మధ్య కట్టిన షెడ్డుకు తేడా చూపుతుంది. మొదటిదానికి 13.75 చదరపు మీటర్లు చాలునని చెప్పి, ఇంటి షెడ్డుకు మాత్రం కనీసం 3 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవు సూచించినది. గోడ పక్కన తలుపు తెరవడానికి అదనపు చోటు కావాలన్నదే ఈ తేడాలోని అంతరార్థం.

తెలంగాణలో అమలైన 2012 నాటి భవన నియమాలు (జీవో 168) అపార్టుమెంట్లకు పార్కింగును నిర్మాణ విస్తీర్ణంలో ఇంత శాతమని లెక్కగట్టాయి. మొత్తం విస్తీర్ణం సరిపోయినా, స్తంభాల మధ్య ఒక్కొక్క కారుకు మిగిలే వెడల్పు సరిపోతుందన్న హామీ ఆ శాతంలో ఉండదు.

బల్లార్‌పూర్‌లోనో చంద్రపూర్‌లోనో ఫ్లాటు కొనదలచినవారు తెలుసుకోవలసిన విషయాలు రెండు ఉన్నాయి. స్తంభాల నడుమ ఉన్న పార్కింగును, ఆరుబయటి స్థలాన్ని బిల్డరు ‘గ్యారేజి’ పేరిట విడిగా అమ్మరాదని సుప్రీంకోర్టు 2010 ఆగస్టు 31న నహల్‌చంద్ లాలూచంద్ – పాంచాలి సహకార గృహ సంఘం వ్యాజ్యంలో తీర్పు చెప్పినది. 2016 నాటి స్థిరాస్తి చట్టం పైకప్పు, మూడు వైపుల గోడలు ఉన్నదానినే గ్యారేజిగా నిర్వచించినది. ఇది మొదటిది. ఇక రెండవది, మహారాష్ట్ర స్థిరాస్తి నియంత్రణ సంస్థ 2024 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశం. పైకప్పు ఉన్న పార్కింగు సంఖ్య, పొడవు, వెడల్పు, ఎత్తు, అది ఉన్న చోటు అమ్మకపు ఒప్పందానికి జతచేయవలసినదేనని ఈ ఆదేశం చెబుతున్నది. దూలాలు అడ్డుపడడం, కారు నిలిపిన తరువాత దిగడానికి సందు లేకపోవడం వంటి ఫిర్యాదులే దీనికి మూలం. ఒప్పందంలో ఆ కొలతలు లేకుంటే సంతకానికి ముందే అడగడం కొనుగోలుదారు హక్కు.

నిలుపుకునే చోటు ఉన్నట్లు ధ్రువపత్రం చూపనిదే కొత్త కారు నమోదు జరగబోదని మహారాష్ట్ర రవాణా మంత్రి ప్రతాప్ సర్నాయిక్ 2025 మే నెలలో ప్రకటించారు. జపానులో ఇటువంటి చట్టం 1962లోనే వచ్చినది.

ఎనిమిది అడుగుల షెడ్డు లెక్క

గోడకు గోడకు నడుమ 8 అడుగులు, అనగా 2.44 మీటర్లు ఉన్న షెడ్డును తీసుకుందాం. ఎడమ గోడకు అర అడుగు, అనగా 15 సెంటీమీటర్లు విడిచి కారు నిలిపితే నడిపేవారి వైపు మిగిలేది ఇంత:

– మారుతి 800: 85 సెంటీమీటర్లు. తలుపు తీసి సుఖంగా దిగవచ్చు.
– క్రెటా: 50 సెంటీమీటర్లు. సన్నని మనిషి ఒదిగి దిగగలడు.
– స్కార్పియో ఎన్: 37 సెంటీమీటర్లు. పెద్దవారెవరూ దిగలేరు.

మూడవ సందర్భంలో కారు షెడ్డులో పట్టినట్లే కొలత చెబుతుంది. కాని మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారిని, చంటిబిడ్డతో ఉన్న తల్లిని ప్రతిసారీ వీధిలోనే దింపవలసి వస్తుంది. ఎడమ వైపు తలుపులు ఎలాగూ తెరుచుకోవు. అదే షెడ్డు 10 అడుగులు ఉంటే స్కార్పియో ఎన్‌కు సైతం 98 సెంటీమీటర్లు మిగులుతుంది. రెండడుగుల తేడాతో పనికిరాని షెడ్డు పనికివచ్చేదవుతుంది.

పొడవు విషయంలో 16 అడుగుల పోర్టికోలో 4.66 మీటర్ల బండి నిలిపితే మిగిలేది 22 సెంటీమీటర్లు. గేటు లోపలికి తెరుచుకునేదైతే అది మూతపడదు. వెనుక తలుపు తీసి ధాన్యపు బస్తా దింపడానికి వీలుండదు.

ఊరిలో దీని ఫలితం

ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ పథకం కింద కట్టే ఇంటికి కనీస విస్తీర్ణం 25 చదరపు మీటర్లు. నియమావళి ఒక కారుకు కేటాయించిన స్థలం 12.5 చదరపు మీటర్లు. అంటే ఒక కారు చోటు ఒక పేద కుటుంబపు ఇంటిలో సరిగ్గా సగం. గ్రామకంఠంలోని ఇరుకు స్థలాలలో ఇంత చోటు విడవడం అందరికీ సాధ్యం కాదు. అందువల్ల షెడ్డులో పట్టని కారు వీధిలోకి వస్తుంది.

పాత వీధులు ఎడ్లబండి నడకకు తగినట్లు ఏర్పడినవి. పన్నెండు అడుగుల గల్లీలో ఒక పక్కన 1.9 మీటర్ల వెడల్పు గల బండి నిలిస్తే, అద్దాలు లెక్కించకుండానే, మిగిలేది ఐదడుగుల పైచిలుకు. పత్తి, ధాన్యం తెచ్చే ట్రాక్టరు అందులో పోదు. అంతకంటే ముఖ్యంగా 108 అంబులెన్సు పోదు. అర్ధరాత్రి పురిటి నొప్పులు వచ్చిన ఇల్లాలిని మంచం మీద మోసుకుని గల్లీ చివరకు చేర్చవలసి వస్తే, దానికి కారణం దూరం కాదు, మధ్యలో నిలిచిన బండి.

ఆరుబయట ఉంచడం కారుకు కూడా మేలు కాదు. మే నెలలో 45 డిగ్రీలు దాటే చంద్రపూర్ ఎండకు రబ్బరు, ప్లాస్టిక్, బ్యాటరీ త్వరగా పాడవుతాయి.

కట్టుకునేవారు గమనించవలసినవి

– గోడకు గోడకు నడుమ కనీసం 10 అడుగులు, పొడవు 18 నుండి 20 అడుగులు ఉండాలి. కొలత ప్లాస్టరింగు తరువాత మిగిలేది కావాలి. స్తంభాలు లోపలికి పొడుచుకు రాకూడదు.
– రెండు వైపులా గోడ కట్టనవసరం లేదు. ఒక వైపు స్తంభాలతో వదిలితే అదే స్థలంలో తలుపు తెరుచుకుంటుంది.
– గేటు 10 అడుగులకు తగ్గకుండా ఉండడం మంచిది. వీధి ఇరుకైతే కారు తిరిగి లోపలికి రావడానికి ఇంకా వెడల్పు కావాలి. గేటు పక్కకు జరిగేదైతే పొడవు ఆదా అవుతుంది.
– పోర్టికో కింద సెప్టిక్ ట్యాంకు, నీటి సంపు ఉంటే వాటి పైమూత బరువును మోయగలదో లేదో ఇంజనీరును అడగాలి. మారుతి 800 బరువు ఏడు క్వింటాళ్ళ లోపే. నేటి పెద్ద బండ్లు ఇరవై క్వింటాళ్ళకు చేరువలో ఉన్నాయి.
– విద్యుత్ కారు ఆలోచన ఉంటే 16 ఆంపియర్ల ప్లగ్గుకు, ఎర్తింగుకు తీగ ముందే వేయించుకోవాలి.
– 2019 జూలై నుండి కొత్త కార్లకు వెనుక సెన్సార్లు తప్పనిసరి అయినా, ఎత్తైన బండికి ముందు, వెనుక కూర్చుని ఆడుకునే పసిపిల్లలు కనిపించరు. కారు కదిలించే ముందు దిగి చూడడం అవసరం.
– ఇల్లు ముందే ఉండి, కారు తరువాత కొనేవారు టేపుతో గేటును, షెడ్డును కొలిచి ఆ కాగితం షోరూముకు తీసుకువెళ్ళాలి. కరపత్రంలోని వెడల్పుకు రెండు అద్దాల కోసం సుమారు ఒక అడుగు, దిగే తలుపు కోసం రెండున్నర అడుగులు విడివిడిగా చూసుకోవాలి.

కారు పది, పదిహేనేళ్ళు ఉంటుంది. ఇంటి గోడ నలభై, యాభై ఏళ్ళు ఉంటుంది. నేటి కారును చూసి కట్టిన గోడ రేపటి కారుకు సరిపోతుందన్న హామీ లేదు. నియమాలు వెడల్పును పట్టించుకోనంత కాలం ఆ పని ఇల్లు కట్టుకునేవారే చేసుకోవాలి.