గుర్రం ఏదిరా?

ఆ సవర ఇంటి పెద్దాయన పోయి నెలలు గడిచాయి. గువార్ అనే కర్మకాండ చేశారు, దున్నను కోశారు, ఆయన పేర రాయి నిలబెట్టారు. అయినా మనవడి జ్వరం దిగడం లేదు. కురాన్‌బోయిని అడిగితే సంగతి తేల్చింది. చచ్చినవాళ్లతో మాట్లాడేది ఆమే కదా. కింద లోకంలో పెద్దాయనకు నిలవ నీడ లేదట. గోడ మీద ఇల్లు గీయించమంటున్నాడట.

అందుకే ఇవాళ బొమ్మలు వేసే ఇత్తల్‌మారన్‌ని పిలిపించారు. ఆయనా పోడు చేసుకు బతికేవాడే. బొమ్మ వేయాల్సి వచ్చినప్పుడు మాత్రం నిష్ఠగా ఉండి, కలలో కనిపించింది గోడకెక్కిస్తాడు. పొగచూరిన గోడను ఎర్రమట్టితో అలికి ఆరనిచ్చాడు. దొప్పలో బియ్యప్పిండి కలిపాడు. పుల్ల కొసను చితక్కొట్టి కుంచె చేసుకున్నాడు. కొలత లేదు, ముందుగా గీసుకున్న గుర్తు లేదు. మొదట ఒక చదరం గీశాడు. అదే ఇల్లు. లోపల అడ్డంగా గీతలు, గీతల మీద వరసగా మనుషులు. రెండు త్రికోణాలు కలిపితే ఒళ్లు, నాలుగు పుల్లలు తగిలిస్తే కాళ్లూ చేతులూ. పైమూల సూర్యుడు, పక్కన చంద్రుడు, కింద ఓ బల్లి.

గది మూల నోటుబుక్కు పట్టుకుని ఒక తెల్లదొర కూర్చున్నాడు. పేరు వెరియర్ ఎల్విన్. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి 1927లో మతసేవకని ఇండియా వచ్చి, గాంధీ ప్రభావంలో పడి, గోండుల మధ్య కాపురం పెట్టి, చివరికి చర్చినే వదిలేసిన మనిషి. 1940ల్లో ఆయన దృష్టి గంజాం, కోరాపుట్ కొండల్లోని సవరల మీద పడింది.

ఒక మాట ఇక్కడే చెప్పేయాలి. ఈ ఇల్లు, ఈ జ్వరం, ఈ మాటలు నా కల్పన. తంతు మాత్రం ఎల్విన్ చూసి రాసిపెట్టిందే.

సాయంత్రానికి బొమ్మ పూర్తయింది. మన కళాప్రదర్శనల్లో అయితే ఈపాటికి రిబ్బను కత్తిరించి టీలు తాగేవాళ్లం. ఇక్కడ అసలు కథ ఇప్పుడే మొదలు. కురాన్‌బోయి గోడకెదురుగా కాళ్లు బారజాపి కూర్చుంది. ముందు దీపం, చేటలో బియ్యం. బియ్యాన్ని అరచేత్తో రుద్దుతూ పాట ఎత్తుకుంది. పాట సాగి సాగి తెగింది. తల వాలిపోయింది, కాళ్లూ చేతులూ కర్రల్లా బిగుసుకుపోయాయి. పక్కనున్నవాళ్లు గబగబా ఆమె మోకాళ్లు వంచి, పిడికిళ్లు విప్పదీశారు. మళ్లీ తలెత్తినప్పుడు వచ్చిన గొంతు ఆమెది కాదు.

"కల్లు పొయ్యండి."

జీలుగు కల్లు అందించారు. తాగాక ముసలాయన గోడ వైపు తిరిగాడు.

"ఇల్లు బానే ఉంది. గుర్రం ఏదిరా?"

"నాయినా, నువ్వెప్పుడు గుర్రం ఎక్కావు?" అన్నాడు కొడుకు.

"ఇక్కడ అందరూ ఎక్కుతున్నారు. మీ తాత గొడుగేసుకుని ఏనుగు మీద పోతున్నాడు. నేనొక్కణ్నే కాళ్లీడ్చుకుంటూ నడవాలా? నా పొలంలో పండింది తింటున్నావు, నాకో గుర్రం గీయించలేవా?"

అక్కడున్న ఆడవాళ్లలో ఒకరు ఏడ్చారు, ఒకరు నవ్వారు. ఇత్తల్‌మారన్ మారుమాట లేకుండా దొప్ప అందుకుని చదరం అంచున గుర్రం వేశాడు, దాని మీద మనిషిని కూర్చోబెట్టాడు. ముసలాయన మళ్లీ చూసి, సరేనన్నాడు. బొమ్మ ముందు బుర్రలూ కుండలూ వేలాడదీశారు. ఇక ఆ గోడ ఆయన నెలవు. పండగొస్తే ఆయన వాటా అక్కడే పెట్టాలి.

మూల కూర్చున్న పరిశోధకుడికి చిక్కిన అసలు విషయం ఆ గుర్రం దగ్గరే ఉందని నా నమ్మకం. బొమ్మను మెచ్చాలా వద్దా అని తేల్చే హక్కు ఈ ఇంట్లో ఒక్కడిదే. వాడు చచ్చినవాడు. గీతలో లయ ఉందా, కూర్పు కుదిరిందా అని చూసేది మనం. ఆయన మాత్రం తనకు కావలసినవన్నీ ఉన్నాయా లేవా అని చూస్తాడు. లేకపోతే జ్వరం తగ్గదు.

ఈ బొమ్మల్లో సైకిళ్లు, రైళ్లు, విమానాలు కూడా ఉండటం ఎల్విన్ చూశాడు. అచ్చమైన గిరిజన కళ కోసం వెతికే పట్నవాసికి అవి కంట్లో నలుసుల్లా ఉంటాయి. సవరల లెక్క సూటిగా ఉంటుంది. కురాన్‌బోయికి కింద లోకంలో ఒక భర్త ఉంటాడు. అతడు రాజుల్లాగా, పెద్ద ఉద్యోగుల్లాగా దర్జాగా బతికేవాడు. ఈ లోకంలో దొరలు విమానం ఎక్కుతుంటే కింద దొరలు ఎక్కకుండా ఉంటారా? పన్ను వసూలుకూ కేసులకూ కొండెక్కివచ్చి సతాయించే అధికారిని చూసి, ఆ హంగంతా తమ పెద్దలకూ పెట్టుకున్నారు. చరిత్ర పాఠం అనుకుంటే ఇంతకంటే నిజాయితీ గలది దొరకదు.

ఎల్విన్ కంటే ముందే ఈ కొండల్లో చెవి ఒగ్గి విన్నవాడు మనవాడే. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులు సవర భాష నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. మద్రాసు ప్రభుత్వం వాటిని 1930ల్లో అచ్చేసింది. మన్యం జ్వరానికి మింగిన క్వినైన్ ఆయన వినికిడిని తీసుకుపోయింది. వ్యావహారిక భాషోద్యమం కోసం ఆగస్టు 29న ఆయన్ను తలుచుకుంటాం గానీ, సవర నిఘంటువు సంగతి ఆ సభల్లో పెద్దగా ఎవరూ ఎత్తరు. భాష రానివాడికి ఆ రాత్రి ముసలాయన కోపం వినపడదు, గుర్రం వెనుక కథ అందదు, గోడ మీద చక్కని డిజైన్ ఒక్కటే మిగులుతుంది.

1951లో మధ్యభారత గిరిజన కళ మీద, 1955లో సవరల మతం మీద ఎల్విన్ పుస్తకాలు వచ్చాయి. బస్తర్ మురియాల మధ్య పనిచేసిన ఆల్‌ఫ్రెడ్ జెల్ అనే మరో పరిశోధకుడు, బొమ్మ అందాన్ని కాసేపు పక్కనపెట్టి అది మనుషుల మధ్య ఏ పని చేస్తోందో చూడమని వాదించాడు. ఆ వాదనతో ఆయన రాసిన పుస్తకం ఆయన పోయాక 1998లో వెలువడి పెద్ద చర్చే లేపింది. సవర ఇంట్లో ఈ సంగతి ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

1970ల్లో సవరల దగ్గరకు వెళ్లిన పరిశోధకుడు పియర్స్ విటెబ్‌స్కీ, చచ్చినవాళ్లతో రోజూ సాగే ఆ సంభాషణలను వాళ్ల భాషలోనే విని రాశాడు. దశాబ్దాల తర్వాత మళ్లీ వెళ్లేసరికి కుర్రకారు చాలామంది బాప్టిస్టులయ్యారు. పెద్దలతో మాటలు ఆగిపోయాయి. మరోవైపు అవే బొమ్మలు కాన్వాసు మీదికీ చీరల మీదికీ ఎక్కాయి. సీతంపేట, భామిని వైపు మన సవర పల్లెల బొమ్మలు కూడా మేళాల్లో కనిపిస్తున్నాయి. వేసేవాడికి నాలుగు డబ్బులొస్తే నాకెందుకు బాధ? కొనేవాడు గుర్రాలు అటు నాలుగు, ఇటు నాలుగు సమానంగా ఉండాలంటాడు, అలాగే వేసిస్తారు.

నా పేచీ మ్యూజియం చీటీలతోనే. 'సవర చిత్రం, ఎర్రమట్టి మీద బియ్యప్పిండి' అని రాసి ఊరుకుంటారు. ఎల్విన్ అలా వదల్లేదు. ఆ బొమ్మ ఏ ఊళ్లోదో, ఏ జబ్బు తగ్గాలని, ఎవరు అడిగితే వేయించారో కూడా రాశాడు. ఆ పుస్తకాలు చేతికొస్తే నేను ముందు చదివేది బొమ్మ కింద ఉన్న ఆ నాలుగు లైన్లే.