ఫిబ్రవరి బుధవారం కబుర్లు

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ ఆడేది శరదృతువులో, నాలుగైదు నెలలు. దాని గురించి మాట్లాడుకునేది మాత్రం పన్నెండు నెలలు. ఆట లేని కాలమంతా అభిమానుల నోట నానేవి రెండే సంగతులు. ఈ ఏడాది మన యూనివర్సిటీకి ఏయే హైస్కూలు కుర్రాళ్లు వస్తున్నారు? వాళ్లతో వచ్చే సీజన్‌లో ఎన్ని మ్యాచ్‌లు గెలుస్తాం? మొదటిదాన్ని రిక్రూటింగ్ అంటారు. అక్కడికి ఎం.ఎస్. చదవడానికి వెళ్లిన తెలుగు విద్యార్థి తొలి ఏడు స్టేడియాన్ని చూసి నోరు తెరుస్తాడు. టెక్సస్ ఎ అండ్ ఎం వారి కైల్ ఫీల్డ్‌లో లక్షా రెండు వేల పైచిలుకు సీట్లున్నాయి మరి. అంతకంటే వింతైనది ఫిబ్రవరిలో కనబడుతుంది. మైదానంలో బంతి జాడ లేని ఆ రోజుల్లో, పద్దెనిమిదేళ్లు నిండని కుర్రాడి ఎత్తు, బరువు, పరుగు వేగం మీద నడివయసు మనుషులు గంటల తరబడి వాదించుకుంటారు.

ఈ అలవాటు ఎక్కడ పుట్టిందని అడిగితే సాధారణంగా ఒకే జవాబు వస్తుంది. ఇదంతా ఇంటర్నెట్ బిడ్డ అంటారు. 1998లో సియాటిల్‌లో రైవల్స్ సంస్థ మొదలైందనీ, కుర్రాళ్లకు స్టార్లు వేసి ముద్ర కొట్టిందనీ, అక్కడి నుంచి పిచ్చి ముదిరిందనీ చెబుతారు. దానికి కొసరుగా, 2021లో ఆటగాళ్లకు డబ్బు ముట్టడంతో అంతా చెడిపోయిందంటారు. ఈ రెండు మాటలూ కాలాన్ని తప్పుగా లెక్కగడుతున్నాయి. ఈ కబుర్లకు పునాది పడింది 1964కూ 1980కీ నడుమ. వేసింది కంప్యూటర్ కాదు, మూడు నిబంధనలు. డబ్బు సంగతైతే ఇంకా పాతది.

తొలి ఘట్టాలు చాలామందికి తెలిసినవే. 1869లో రట్గర్స్, ప్రిన్స్‌టన్ జట్లు తొలి మ్యాచ్ ఆడాయి. మైదానంలో మరణాలు పెరిగితే 1905లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ పెద్ద కాలేజీల వాళ్లను శ్వేతసౌధానికి పిలిపించి మాట్లాడాడు. మరుసటి ఏడాది కాలేజీ ఆటల అదుపు కోసం ఏర్పడిన సంఘమే 1910లో ఎన్‌సీఏఏగా పేరు మార్చుకుంది. 1929లో కార్నెగీ ఫౌండేషన్ వేయించిన నివేదిక, పరిశీలించిన కాలేజీల్లో అధిక భాగం ఆటగాళ్లను ఏదో ఒక రూపంలో పోషిస్తున్నాయని బయటపెట్టింది. ఆ చెల్లింపులను అదుపు చేయడానికి 1948లో తెచ్చిన ‘శానిటీ కోడ్’ మూడేళ్లకే కూలిపోయింది. 1956 నుంచి పూర్తి స్కాలర్‌షిప్పులు చట్టబద్ధమయ్యాయి. అంటే కుర్రాళ్లను డబ్బుతో తెచ్చుకోవడం ఆటకు కొత్తగా సోకిన జబ్బేమీ కాదు.

కానీ ఆ రోజుల్లో సామాన్య అభిమానికి ఈ వేటలో చోటు లేదు. దాన్ని నడిపింది కోచ్‌లూ, జేబు బరువున్న పూర్వ విద్యార్థులూ. సీజన్ అంచనాల కథ వేరు. అవి అప్పటికే ఇంటింటా ఉన్నాయి. అసోసియేటెడ్ ప్రెస్ ర్యాంకులు 1936లో వచ్చాయి, సీజన్‌కు ముందే ర్యాంకులివ్వడం 1950లో మొదలైంది. స్ట్రీట్ అండ్ స్మిత్స్ వారి ఫుట్‌బాల్ వార్షిక సంచిక 1940 నుంచే వేసవిలో దుకాణాలకు వచ్చేది. అభిమాని ఆగస్టులో జోస్యం చెప్పేవాడు, కానీ ఫిబ్రవరిలో పేర్లు లెక్కపెట్టేవాడు కాదు. ఎందుకని?

ఇక్కడే చరిత్రకారులు తొందరపడి దాటేసిన చిన్న నిబంధన ఒకటుంది. తొలి ఏడు విద్యార్థి, అంటే ఫ్రెష్‌మన్, ప్రధాన జట్టులో ఆడకూడదు. వాళ్లకు విడిగా ఒక జట్టు, దానికి విడిగా నాలుగైదు మ్యాచ్‌లు. రెండో ప్రపంచ యుద్ధంలోనూ కొరియా యుద్ధంలోనూ మగపిల్లలు కరువైనప్పుడు సడలించినా, నియమం మాత్రం నిలిచింది. కాబట్టి ఈ ఫిబ్రవరిలో సంతకం చేసిన కుర్రాడికి ఈ సెప్టెంబరుతో సంబంధమే లేదు. వాడు ఏడాదిన్నర తర్వాతి మాట. ఏడాదిన్నర తర్వాత పండే చెట్టు మీద ఎవరు పందెం కడతారు?

1972లో ఆ అడ్డు తొలగింది. ఫలితం వారాల్లోనే కనబడింది. ఒహాయో స్టేట్‌లో ఆర్చీ గ్రిఫిన్ అనే తొలి ఏడు కుర్రాడు తన రెండో మ్యాచ్‌లోనే, నార్త్ కరొలైనా మీద, 239 గజాలు పరుగెత్తి యూనివర్సిటీ రికార్డు తిరగరాశాడు. మరుసటి ఏడు పిట్స్‌బర్గ్‌లో మరింత పెద్ద పాఠం నడిచింది. 1972లో ఆ జట్టు పదకొండు మ్యాచ్‌లాడి ఒక్కటి గెలిచింది. కొత్త కోచ్ జానీ మేజర్స్ ఒకే ఏడాది డెబ్బైమందికి పైగా కుర్రాళ్లను తెచ్చాడు. వాళ్లలో టోనీ డోర్సెట్ ఒకడు. అతను తొలి ఏడే 1,500 గజాలు దాటాడు, జట్టు ఆరు మ్యాచ్‌లు గెలిచింది. ఆ కుర్రాళ్లు నాలుగో ఏట చేరేసరికి, 1976లో, పిట్స్‌బర్గ్ ఒక్కటీ ఓడకుండా జాతీయ విజేత అయింది. ఫిబ్రవరి పేర్ల జాబితాకూ శరత్కాలపు గెలుపులకూ మధ్య తాడు ఉందని అభిమాని కళ్లారా చూశాడు. అంతకుముందు విడివిడిగా ఉన్న రెండు కబుర్లు ఆ రోజుల్లో ఒకటయ్యాయి.

రెండో నిబంధన తేదీ ఇచ్చింది. 1964లో 7 కాన్ఫరెన్సులు, అంటే యూనివర్సిటీ జట్ల కూటములు, 8 స్వతంత్ర విద్యాసంస్థలు కలిసి ‘నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్’ అనే ఒప్పంద పత్రం మొదలుపెట్టాయి. కుర్రాడు దాని మీద సంతకం పెడితే మిగతా కోచ్‌లు వెంటపడడం ఆపాలి. పిల్లవాడికీ ఇంటివాళ్లకూ కాస్త ఊపిరి ఆడాలన్నది దాని ఉద్దేశం. అది అభిమానికి పండుగ రోజును కూడా ఇచ్చింది. కాలక్రమంలో ఫిబ్రవరి మొదటి బుధవారంగా స్థిరపడిన ఆ ‘సైనింగ్ డే’ పరీక్షా ఫలితాల రోజులా మారింది.

మూడోది అంకె. 1973లో ఎన్‌సీఏఏ స్కాలర్‌షిప్పులకు హద్దు గీసింది: ఏడాదికి 30 మంది, మొత్తం 105 మంది. మేజర్స్ మాదిరి డెబ్బైమందిని తోలుకొచ్చే కాలం అంతటితో సరి. తర్వాత ఆ 105 తగ్గి 95 అయింది, 1990లలో 85కు దిగింది. హద్దు లేనప్పుడు ఒక్కో పేరుకు విలువ తక్కువ. పదిమందిలో ఇద్దరు పనికొస్తే చాలుననుకునేవారు. హద్దు పడ్డాక ప్రతి సంతకమూ ఖర్చే. తప్పు కుర్రాడికి ఇస్తే సరైన కుర్రాడికి చోటు లేనట్టే. అభిమాని గుమాస్తా అయ్యాడు. ఏ స్థానంలో ఎందరు పట్టా పుచ్చుకుని వెళ్తున్నారు, ఎన్ని ఖాళీలున్నాయి అని కూడికలు తీసివేతలు మొదలుపెట్టాడు. దశాబ్దాలపాటు ఆ సంభాషణలకు వెన్నెముక ఈ లెక్కే.

దీనికి అభ్యంతరం చెప్పవచ్చు, అందులో న్యాయమూ ఉంది. హద్దులు అంతకుముందూ ఉన్నాయి. ఆగ్నేయ కాన్ఫరెన్సులో ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ కలిపి 140 స్కాలర్‌షిప్పులన్న నియమం ఉండేది. దాని మీద తగాదా పడే జార్జియా టెక్ 1964లో ఆ కాన్ఫరెన్సు విడిచి వెళ్లింది. పైగా 1973 హద్దు వెనక సమానత్వపు ఆశయం కంటే ఖర్చు తగ్గించుకోవాలన్న ఆత్రమే ఎక్కువ. అవన్నీ ఒప్పుకోవలసినవే. అయినా దేశమంతటికీ ఒకే అంకె రావడం వేరు. టెక్సస్ అభిమాని ఒహాయో అభిమానితో ఒకే కొలబద్ద పట్టుకుని వాదించడానికి అప్పుడే వీలు చిక్కింది.

ఈ కాలం గురించే మరో కట్టుకథ బలంగా పాతుకుపోయింది. 1970 సెప్టెంబరు 12న బర్మింగ్‌హామ్‌లో సదరన్ కాలిఫోర్నియా జట్టు అలబామాను 42-21తో ఓడించింది. సామ్ కన్నింగ్‌హామ్ అనే నల్లజాతి ఆటగాడు 135 గజాలు పరుగెత్తాడు. అది చూశాకే అలబామా కోచ్ బేర్ బ్రయంట్ మనసు మారి నల్లవాళ్లను తీసుకున్నాడని కథ. నిజానికి ఆ సాయంత్రానికే విల్బర్ జాక్సన్ అనే నల్లజాతి కుర్రాడు అలబామా స్కాలర్‌షిప్పు మీద చేరి ఉన్నాడు. ఫ్రెష్‌మన్ కాబట్టి ఆడలేకపోయాడు. అంతకు ఏడాది ముందే, 1969లో, ఆ యూనివర్సిటీ నల్లజాతి విద్యార్థులు ఈ విషయమై కోర్టుకెక్కారు. తలుపు తెరిచింది ఆ విద్యార్థుల పట్టుదల. ఆ ఘనతను ఒక సాయంత్రపు ఓటమికి కట్టబెట్టడం వాళ్లకు చేసిన అన్యాయం.

అభిమానుల సంభాషణకు ఈ మార్పు ఎంత చేసిందో సరిగా చెప్పినవారు తక్కువ. అంతదాకా దక్షిణాది నల్లజాతి కుర్రాళ్లు ఎందరో బయటి ప్రాంతాలకు పోయేవారు. మిషిగన్ స్టేట్‌కు 1960లలో పేరు తెచ్చిన బబ్బా స్మిత్ టెక్సస్‌వాడు, జార్జ్ వెబ్‌స్టర్ సౌత్ కరొలైనావాడు. బర్మింగ్‌హామ్‌లో కన్నింగ్‌హామ్ పక్కన పరుగెత్తిన క్లారెన్స్ డేవిస్ పుట్టింది బర్మింగ్‌హామ్‌లోనే. 1970ల నుంచి దక్షిణాది అభిమానికి తన ఊరి నల్లజాతి కుర్రాడు కూడా ‘మనవాడు’ కాసాగాడు. జాబితా ఒక్కసారిగా పొడుగైంది. ఎవరు మంచివాడో చెప్పేవాడు కావలసి వచ్చింది.

చెప్పేవాళ్లు వచ్చారు. మిషిగన్ రాష్ట్రం డియర్‌బార్న్‌లో ఫోర్డ్ కంపెనీ ఉద్యోగి జో టెర్రనోవా తీరిక వేళల్లో దేశమంతటి హైస్కూలు ఆటగాళ్లను తూచడం మొదలుపెట్టాడు. 1970ల చివర షికాగో నుంచి టామ్ లెమింగ్ కారేసుకుని రాష్ట్రాలు తిరిగి, కుర్రాళ్లను కలిసి, ఏటా సంచిక వేశాడు. టెక్సస్‌లో మాక్స్ ఎంఫింగర్, 1985లో కాలిఫోర్నియాలో ‘సూపర్‌ప్రెప్’ పత్రిక పెట్టిన ఆలెన్ వాలెస్ ఆ దారి పట్టారు. పోస్టులో వచ్చే న్యూస్‌లెటర్లు, నిమిషానికింత అని వసూలు చేసే ఫోన్ లైన్లు 1980లలో జోరుగా నడిచాయి. ఇంటర్నెట్ వచ్చేసరికి బేరం, సరుకు, కొనుగోలుదారు అంతా సిద్ధం. మారింది బండి మాత్రమే.

ఒక్క ఉదాహరణ చాలు. 1980 ఫిబ్రవరిలో సైనింగ్ డే వచ్చింది, పోయింది. జార్జియా రాష్ట్రంలో రైట్స్‌విల్ అనే చిన్న ఊరి కుర్రాడు హర్షల్ వాకర్ సంతకం చేయలేదు. మార్చి గడిచింది. రాష్ట్రం రాష్ట్రమే ఆ ఇంటి వైపు చూస్తూ కూచుంది. ఏప్రిల్ 6న, ఈస్టర్ ఆదివారం, అతను యూనివర్సిటీ ఆఫ్ జార్జియాకు సంతకం పెట్టాడు. సెప్టెంబరులో టెనెసీ మీద తొలి మ్యాచ్‌లో 15-0తో వెనకబడిన జట్టును 16-15తో గెలిపించాడు. ఆ సీజన్‌లో 1,616 గజాలు పరుగెత్తాడు, జార్జియా పన్నెండుకు పన్నెండూ గెలిచి జాతీయ విజేత అయింది. ఒక సంతకం, ఒక సీజన్. ఇప్పటి అభిమాని మనసులో ఉన్న కథ ఇదే. అప్పటికి రైవల్స్ పుట్టడానికి ఇంకా పద్దెనిమిదేళ్లుంది.

చీకటి కోణం కూడా అప్పుడే కనబడింది. మిసిసిపీ కుర్రాడు మార్కస్ డుప్రీ వెంట కోచ్‌లు పడిన తీరు మీద విల్లీ మోరిస్ 1983లో ఒక పుస్తకమే రాశాడు. అదే ఏడాది డుప్రీ ఓక్లహోమా జట్టు వదిలి వెళ్లిపోయాడు. ఆటగాళ్లకు రహస్యంగా జీతాలిచ్చినందుకు 1987లో సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీకి ఏకంగా సీజన్ రద్దయింది. డబ్బు 2021లో వచ్చిందనేవాళ్లు ఆ ఏడాదిని ఎలా మరిచిపోయారో తెలియదు.

ఆ తర్వాతి ముప్పై ఏళ్లు వేగంగా చెప్పుకోవచ్చు. రైవల్స్‌ను 2007లో యాహూ కొన్నది. 2010లో వచ్చిన 247స్పోర్ట్స్ అందరి అంచనాలనూ కలిపి సగటు తీసింది. అది ఏటా 32 మందికి ఐదు స్టార్లిస్తుంది. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ తొలి రౌండులో 32 మందే ఉంటారన్నది దాని తర్కం. స్టార్లు బొత్తిగా అబద్ధాలు చెప్పవు. పెద్ద టైటిళ్లు గెలిచే జట్లు దాదాపు ఎప్పుడూ ఆ జాబితాల్లో పైనే ఉంటాయి. ఒక్కో కుర్రాడి విషయానికొస్తే మాత్రం తప్పులు కోకొల్లలు. తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్ మేటి ఆటగాడైన జె.జె. వాట్‌కు రెండు స్టార్లు ఇచ్చారు. అలాంటి మరో తార జోష్ ఆలెన్‌ను హైస్కూలు చివర పెద్ద యూనివర్సిటీ ఒక్కటీ పిలవలేదు. మొత్తం జట్టు మీద వేసిన అంచనాలూ తలకిందులవుతాయి. టెక్సస్ ఎ అండ్ ఎం 2022లో తెచ్చిన కుర్రాళ్ల బృందానికి 247స్పోర్ట్స్ అప్పటిదాకా ఎవరికీ ఇవ్వనంత మార్కులిచ్చింది. ఆ సీజన్ 5 గెలుపులు, 7 ఓటములతో ముగిసింది. మరుసటి ఏడు కోచ్ జింబో ఫిషర్‌ను సాగనంపడానికి 7.5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించవలసి వచ్చింది.

ఇక వర్తమానం. 2018లో, యూనివర్సిటీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ తెరుచుకుంది. 2021 జూలై నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపం మీద సంపాదించుకోవచ్చు. ఆటగాళ్ల దావాలో 2025 జూన్‌లో న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించిన ఒప్పందంతో యూనివర్సిటీలే వాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వవచ్చు. తొలి ఏడాదికి ఒక్కో యూనివర్సిటీకి హద్దు సుమారు 2.05 కోట్ల డాలర్లు. ఇందులో విచారించవలసింది ఏమీ లేదు. 1955లో కాలేజీ తరఫున ఆడుతూ రే డెన్నిసన్ చనిపోతే, అతని భార్యకు కార్మిక పరిహారం దక్కదని కొలరాడో సుప్రీం కోర్టు తేల్చింది. అలాంటి దావాల భయంతోనే ‘స్టూడెంట్-అథ్లెట్’ అన్న మాట తయారుచేశామని ఎన్‌సీఏఏను దశాబ్దాలు నడిపిన వాల్టర్ బయర్స్ తానే 1995లో రాశాడు. ఆ బాకీ ఇప్పుడు తీరుతోంది.

నష్టం మరో చోట జరిగింది. 1972 నుంచి కట్టుకుంటూ వచ్చిన సంభాషణ సడలుతోంది. ఇండియానా 2023లో 3 మ్యాచ్‌లు గెలిచి, కొత్త కోచ్‌తోనూ వేరే యూనివర్సిటీల నుంచి వచ్చిన ఆటగాళ్లతోనూ 2024లో 11 గెలిచింది. ఆ అభిమానుల ఆనందం నిజమైనదే. అయితే పదిహేడేళ్లప్పుడు పేరు విని, నాలుగేళ్లు ఎదుగుతుండగా చూసిన కుర్రాడి గెలుపులో ఉండే చనువు ఏటేటా మారే జట్టులో ఉండదు. లెటర్ ఆఫ్ ఇంటెంట్‌ను 2024లో ఎత్తేశారు. 2025 నుంచి స్కాలర్‌షిప్పుల హద్దు పోయి, ఒప్పందంలో చేరిన యూనివర్సిటీలకు జట్టు మొత్తం 105 మందికి మించరాదన్న హద్దు వచ్చింది. మూడు నిబంధనల్లో రెండు చెదిరిపోయాయి.

అన్నిటికంటే మించిన తప్పు తేదీ విషయంలో జరుగుతోంది. 2017లో డిసెంబరు సంతకాలు మొదలుపెట్టారు. 2024లో వాటిని ఇంకా ముందుకు జరిపి, కాన్ఫరెన్సు ఫైనళ్లు కూడా ఆడకముందే, డిసెంబరు 4న పెట్టారు. కోచ్‌లు ఉద్యోగాలు మారుతున్న వారాల్లో, తనను పిలిచిన మనిషి వచ్చే ఏడు అక్కడ ఉంటాడో లేడో తెలియని పదిహేడేళ్ల పిల్లవాడు సంతకం పెడుతున్నాడు. పెట్టిన గంటలోపే రెండువైపులా అభిమానుల తిట్లు, దీవెనలు అతని ఫోన్‌లోకి చేరుతున్నాయి. సంతకాల రోజును సీజన్ పూర్తిగా ముగిశాక, తిరిగి ఫిబ్రవరి మొదటి బుధవారానికే తీసుకుపోవాలి. కాన్ఫరెన్సులు తలచుకుంటే అది వచ్చే ఏడాదికే చేయగలరు.