పళ్లెములోని పంచదార

క్రిస్మసు దినములలో అమెరికాలోని అనేక గృహములలో తల్లులు మైదాపిండి, వెన్న, గ్రుడ్లు, చక్కెర కలిపి ఉండలు చేసి, పంచదారయు దాల్చినచెక్క పొడియు కలిపిన పళ్లెములో దొర్లించి, బిస్కెట్లు కాల్చి పిల్లలకు పెట్టుదురు. ఆ పళ్లెములోని రెండు వస్తువులకును చరిత్ర కలదు. అది తీపి చరిత్ర కాదు.

అభిషేక తైలములో 250 తులముల లవంగిపట్ట కలుపవలెనని మోషేకు ఆజ్ఞ కలిగెను, అది దాల్చినచెక్కయే. సింహళద్వీపములో సలాగమ కులస్థులు దాని బెరడు ఒలిచి దొరతనమువారికి అప్పగించవలసి యుండెను: పోర్చుగీసువారికి, 1658 నుండి డచ్చివారికి, 1796 నుండి ఇంగ్లీషువారికి. వెట్టి యనగా నేమో మన పల్లెలకు చెప్పనక్కర లేదు. 1833 నాటికి గాని అది తొలగలేదు.

పంచదార కథ యింకను ఘోరము. వెస్టిండీసు చెరకుతోటలలో ఆఫ్రికా బానిసలు కొరడా దెబ్బల క్రింద పని చేసిరి. 1791లో బానిస వ్యాపారమును మాన్పింప తెచ్చిన బిల్లు ఇంగ్లండు పార్లమెంటులో ఓడిపోగా, వేలకొలది కుటుంబములు ఆ పంచదారను కొనుట మానివేసెను. ఓటు లేని స్త్రీలు తమ తీర్పును వంటయింటనే చెప్పిరి. ఆ బానిసలకు పూర్తి విడుదల దొరకుట 1838లోనే.

ఒకప్పుడు చెప్పులు కుట్టి బ్రదికిన విలియం కేరీ కాపరి 1792లో ఒక చిన్న పుస్తకము వ్రాసెను. పంచదార మానిన యిండ్లలో వారమునకు ఆరు పెన్నీలో, ఒక షిల్లింగో మిగులుచున్నదనియు, అందులో కొంత యిచ్చినను దూరదేశముల సువార్తపనికి చాలుననియు అందులో లెక్క చూపెను. మరుసటి యేటనే ఆయన బంగాళమునకు వచ్చెను. సేరంపూరులోని ఆయన ముద్రణాలయము 1818లో తెలుగు క్రొత్త నిబంధనను అచ్చువేసెను.